కంప్యూటర్ల మధ్య కిటికీలు

పటాన్‌చెరువు నుండి సంగారెడ్డికి పోయే 65వ నెంబరు జాతీయ రహదారి మీద, రుద్రారం దగ్గర, కొంతసేపు నిలబడితే పోయే వచ్చే లారీలను లెక్కపెట్టడం కష్టం. ట్రాన్స్‌ఫార్మర్లు, మందుల ముడిసరుకు, ఇనుప సామాను, అట్టపెట్టెలు – ఈ పారిశ్రామిక ప్రాంతంలో తయారయ్యేదంతా ఈ దారినే పోవాలి. అయితే లారీ కర్మాగారం గేటు దాటడానికి సరుకు ఎక్కించినంత మాత్రం చాలదు. సరుకు విలువ 50,000 రూపాయలు మించితే దానితో ఈ-వే బిల్లు అనేది ఉండాలి. అది 12 అంకెల సంఖ్య. రాష్ట్రాల మధ్య రవాణాకు 2018 ఏప్రిల్ 1న, మన తెలంగాణలో లోపలి రవాణాకు అదే నెల 15న ఈ పద్ధతి అమలులోకి వచ్చినది.

ఆ 12 అంకెలను ఇచ్చేది కర్మాగారం కాదు, ఎక్కడో ఉన్న ప్రభుత్వ కంప్యూటరు. చిత్రమేమంటే, అనేక కర్మాగారాలలో ఆ సంఖ్య కొరకు ఎవరూ ప్రభుత్వ పోర్టలు తెరచి కూర్చోరు. లెక్కల గదిలో బిల్లు పూర్తి చేసి ఒక మీట నొక్కితే కొద్ది సెకండ్లలో సంఖ్య వచ్చి బిల్లు మీద అచ్చవుతుంది. ఆ రెండు కంప్యూటర్లను తయారుచేసినవారు వేరు, వాటి ప్రోగ్రాములు వ్రాసిన భాషలు వేరు; ఆ ప్రోగ్రాములు వ్రాసినవారు ఒకరినొకరు చూచి ఎరుగరు. మరి అవి ఎట్లా మాట్లాడుకొంటున్నవి? కళాశాలలో మా విద్యార్థులను అడిగితే “ఏపీఐ ద్వారా” అని ఒక్క మాటలో జవాబు చెప్తారు. ఆ మాట వెనుక ఏమి జరుగుతున్నదో చూద్దాం.

ఒక చిన్న మోటారు పంపుల కర్మాగారాన్ని ఊహించుకొనండి. దాని సేల్సు మనుషులు ఊరూరా తిరిగి డీలర్లను కలుస్తారు. ఏ పార్టీ ఎప్పుడు ఫోను చేసినది, ఎంత ధర చెప్పినాము, మళ్ళీ ఎప్పుడు అడగవలె – ఇవన్నీ పూర్వం డైరీలో వ్రాసుకొనేవారు. ఇప్పుడు దానికి సీఆర్‌ఎం అనే ప్రోగ్రాము ఉన్నది. పేరు ఘనమైనదే గాని చేసే పని డైరీ పనే. తేడా ఏమంటే ఆ డైరీ సేల్సు మనిషి జేబులో కాక కంపెనీ చేతిలో ఉంటుంది. లెక్కల గదిలో ట్యాలీ వంటి మరొక ప్రోగ్రాము, గోదాములో సరుకు చిట్టా, ప్రభుత్వపు ఇన్వాయిస్ పోర్టలు, ఈ-వే బిల్లు పోర్టలు, పార్టీకి “మీ సరుకు బయలుదేరినది” అని ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు – మొత్తం ఆరు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్కరి దగ్గర నుండి వచ్చినది. వీటి మధ్య దారి లేకపోతే ఒకే పార్టీ పేరు, ఒకే సరుకు లెక్క ఆరుసార్లు చేతితో కొట్టవలసి వస్తుంది. సాయంత్రం ఆరు గంటల వేళ, బయట లారీ డ్రైవరు తొందరపెడుతుంటే, 12 పంపులు 21 కావడం పెద్ద వింత కాదు.

దారి ఎట్లా వేస్తారు? రైల్వే రిజర్వేషన్ కిటికీని తలచుకొనండి. మనం లోపలికి పోము. లోపల గుమాస్తా ఏ యంత్రం మీద పనిచేస్తున్నాడో మనకు తెలియదు, తెలియనక్కరలేదు. మనకు తెలియవలసినవి మూడు: ఏ ఫారం నింపవలె, అందులో ఏ గడిలో ఏమి వ్రాయవలె, బదులుగా ఏమి వస్తుంది. బండి నెంబరు, తేదీ, తరగతి, ప్రయాణికుల పేర్లు, వయస్సులు వ్రాసి ఇస్తాము. 10 అంకెల పీఎన్ఆర్ సంఖ్యతో టికెట్టు వస్తుంది. ఒకప్పుడు కిటికీ వెనుక లావుపాటి రిజిస్టర్లు ఉండేవి. తరువాత కంప్యూటర్లు వచ్చినవి. 1999లో సికింద్రాబాదు, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు కేంద్రాల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపినారు. లోపల ఇంత మార్పు జరిగినా కిటికీ ముందు నిలుచున్న మనిషికి ఫారం ఫారమే, కిటికీ కిటికీయే. లోపలి సంగతి దాచిపెట్టి, ఇచ్చి పుచ్చుకొనే పద్ధతిని మాత్రం ప్రకటించడమే ఇంటర్‌ఫేస్ లక్షణం. దీనిని పండితులు సంధానముఖం అనవచ్చు. ఈ వ్యాసంలో మనం కిటికీ అనే అందాము.

ఈ ఆలోచన కొత్తది కాదు. కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే తొలినాటి కంప్యూటరు మీద పనిచేసిన విల్క్స్, వీలర్, గిల్ అనే ముగ్గురు 1951లో ప్రోగ్రాముల రచనను గూర్చి ఒక గ్రంథం ప్రకటించినారు. తరచు కావలసిన గణనలకు వారు ముందే చిన్న ప్రోగ్రాములు వ్రాసి కాగితపు టేపుల మీద భద్రపరచినారు. ఒక్కొక్కదానిని ఎట్లా పిలవవలెనో తెలిపే జాబితా కూడా తయారుచేసినారు. ఆ జాబితాయే నేటి ఏపీఐలకు పూర్వీకురాలు. పార్టీల చిట్టాల విషయానికి వస్తే, సేల్స్‌ఫోర్స్ అనే అమెరికా కంపెనీ 2000 ఫిబ్రవరిలో తన సీఆర్‌ఎంకు ఇంటర్నెట్టు మీదుగా ఇతర ప్రోగ్రాములు పలకరించే కిటికీ పెట్టినది. అదే సంవత్సరం రాయ్ ఫీల్డింగ్ తన డాక్టరేటు వ్యాసంలో రెస్ట్ అనే నిర్మాణ పద్ధతిని వివరించినాడు. నేటి కిటికీలలో అధికభాగం ఆ ఒరవడిలోనివే.

కిటికీలో ఇచ్చే ఫారం ఎట్లా ఉంటుంది? అది వట్టి అక్షరాల వరుస. “పార్టీ పేరు: ఫలానా, సరుకు: పంపు, సంఖ్య: 12, ధర: ఇంత” అన్నట్లు ప్రతి విషయానికీ ఒక శీర్షిక, ఒక విలువ ఉంటవి. శీర్షికలు ఏవో, ఏది తప్పనిసరో, ఏది అంకెల్లో ఉండవలెనో కిటికీ పెట్టినవారు ముందే అచ్చువేసి ప్రకటిస్తారు. తేదీని రోజు-నెల-సంవత్సరంగా వ్రాయమంటే అట్లాగే వ్రాయాలి. మనిషి అయితే “వారి ఉద్దేశం ఇది కాబోలు” అని సర్దుకుంటాడు, కిటికీ సర్దుకోదు. జవాబుతో ఒక మూడంకెల సంఖ్య కూడా వస్తుంది. 200 అంటే పని అయినది. 400 అంటే ఫారంలో తప్పున్నది. 401 అంటే నీవెవరో తెలియలేదు. 404 అంటే అడిగినది ఇక్కడ లేదు. 429 అంటే మరీ తరచుగా వస్తున్నావు, కాస్త ఆగు. 500తో మొదలయ్యేవి వస్తే తప్పు కిటికీ లోపలిది.

ఇక్కడివరకు సులువే. అసలు చిక్కు జవాబు రానప్పుడు వస్తుంది.

మన పంపుల కర్మాగారం ఒక బిల్లును కిటికీలో ఇచ్చినది. అర నిమిషం గడచినా బదులు లేదు. రెండు విధాలుగా జరిగి ఉండవచ్చు. మన ఫారం దారిలోనే పోయి ఉండవచ్చు. లేదా ఫారం చేరి, పని జరిగి, జవాబు మాత్రం తిరిగి వచ్చే దారిలో పోయి ఉండవచ్చు. ఇవతల నిలుచున్నవారికి ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తవి. మళ్ళీ పంపకపోతే, మొదటి సందర్భంలో బిల్లు లేనట్లే. లారీ గేటు దగ్గరే ఉంటుంది. మళ్ళీ పంపితే, రెండవ సందర్భంలో ఒకే సరుకుకు రెండు బిల్లులు. పన్ను రెండుసార్లు లెక్కకు వస్తుంది. తీగెలు ఎంత బాగుపరచినా, వేగం ఎంత పెంచినా ఈ సందేహం పూర్తిగా పోదు. దీనికి ఉపాయం కిటికీ నియమాలలోనే ఉండాలి.

మన దేశపు ఈ-ఇన్వాయిస్ పద్ధతిలో ఆ ఉపాయం చక్కగా ఉన్నది. వ్యాపారుల మధ్య బిల్లులను ప్రభుత్వ గుర్తింపు గల పోర్టలులో నమోదు చేయడమే ఈ-ఇన్వాయిస్. ఇది 2020 అక్టోబరు 1న సాలుకు 500 కోట్ల రూపాయలు మించిన వ్యాపారం గల సంస్థలతో మొదలై, మెట్లు మెట్లుగా దిగి, 2023 ఆగస్టు 1 నుండి 5 కోట్లు మించినవారికి వర్తించినది. నమోదైన ప్రతి బిల్లుకూ 64 అక్షరాల సంఖ్య ఒకటి ఇస్తారు. అది వరుస సంఖ్య కాదు, పూసలు గ్రుచ్చినట్లు ఒకటి తరువాత ఒకటిగా ఇచ్చేది కాదు. అమ్మినవారి జీఎస్టీ సంఖ్య, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నెంబరు – ఈ నాలుగింటినీ కలిపి షా-256 అనే గణిత పద్ధతిలో నలగగొట్టగా వచ్చిన పిండి అది. ఆ పద్ధతి గుణం ఏమంటే, అవే నాలుగు విషయాలు ఇస్తే ఎన్నిసార్లు ఇచ్చినా, ఏ కంప్యూటరుకు ఇచ్చినా అదే 64 అక్షరాలు వస్తవి. వాటిలో ఒక్క అక్షరం మారినా ఫలితం పోలిక లేకుండా మారిపోతుంది.

కాబట్టి జవాబు రాకపోతే కర్మాగారం నిర్భయంగా అదే బిల్లును మళ్ళీ పంపవచ్చు. మొదటిది చేరి ఉండకపోతే ఇప్పుడు నమోదవుతుంది. చేరి ఉంటే పోర్టలు లెక్కకట్టి చూచి, ఈ 64 అక్షరాలు ఇదివరకే నా దగ్గర ఉన్నవని 2150 అనే తప్పు సంఖ్యతో త్రిప్పి పంపుతుంది. ఆ సందర్భంలో “తప్పు” అనే మాట శుభవార్తే.

గణితంలో ఇట్టి గుణం గల క్రియలను విద్యార్థులు ఎరుగుదురు. ఒక సమితిని దానితోనే సమ్మేళనం చేస్తే అదే సమితి వస్తుంది. –5 యొక్క పరమ మూల్యం 5. దానికి మళ్ళీ పరమ మూల్యం తీసినా 5. ఒకసారి చేసినా పదిసార్లు చేసినా ఫలితం మారదు. సంకలనానికి ఈ గుణం లేదు: 12 పంపులకు 12 కలిపితే 24. “12 పంపుల ఆర్డరు చేర్చు” అనే కిటికీ ప్రమాదకరమైనది, “ఫలానా నెంబరు గల ఆర్డరులో 12 పంపులు ఉన్నవి” అనే కిటికీ క్షేమమైనది. మంచి కిటికీని, చెడ్డ కిటికీని వేరుచేసే మొదటి పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. వేగం, హంగులు తరువాతి మాట.

రెండవ చిక్కు మరొకటి ఉన్నది. సీఆర్‌ఎంలో ఉన్న పార్టీ, లెక్కల పుస్తకంలో ఉన్న పార్టీ ఒకరేనా? పేరు చూచి చెప్పలేము. “శ్రీ లక్ష్మీ ఏజెన్సీస్” అని ఒకరు, “శ్రీలక్ష్మి ఏజెన్సీ” అని మరొకరు వ్రాస్తారు. అడ్రసు చూచి చెప్పడం ఇంకా కష్టం. రుద్రారంలోనే ఉన్న ఒక పార్టీ అడ్రసు పాత చిట్టాలో “మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్” అని ఉంటుంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం, 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడినవి. ఊరు కదలలేదు, జిల్లా మారినది, రాష్ట్రం మారినది. ఇది వట్టి పేరు మార్పు కాదు: కొన్నవారు మన రాష్ట్రంలో ఉంటే పన్ను కేంద్ర, రాష్ట్ర భాగాలుగా పడుతుంది, వేరే రాష్ట్రమైతే ఐజీఎస్టీ పడుతుంది. పాత చిట్టాలోని రాష్ట్రం పేరును యథాతథంగా నమ్మే ప్రోగ్రాము ప్రక్క వీధి పార్టీకి పరాయి రాష్ట్రపు పన్ను వేస్తుంది. పిన్‌కోడుకూ రాష్ట్రానికీ పొత్తు కుదరకపోతే ఇన్వాయిస్ పోర్టలు ఆ బిల్లును త్రిప్పి పంపుతుంది గనుక ఇట్టివి కొన్ని పట్టుబడతవి. పట్టుబడిన తరువాత సరిదిద్దవలసినది మనిషే.

అందుచేత పేరును నమ్మక, జీఎస్టీ సంఖ్యను గుర్తుగా తీసికొంటారు. దానిలో 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రాన్ని తెలుపుతవి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి 10 పాన్ సంఖ్య. చివరిది తనిఖీ అక్షరం. ముందున్న అక్షరాలతో ఒక లెక్క వేసి దీనిని రాబట్టుతారు. కొట్టేటప్పుడు పొరపాటు పడితే లెక్క తప్పి బయటపడుతుంది. ఆ లెక్కలో అక్షరాలను వరుసగా 1తో, 2తో, మళ్ళీ 1తో, 2తో గుణిస్తారు. ఎందుకు? 36ను 63 అని కొట్టినారనుకొందాం. ఊరకే కూడితే రెండూ 9, తప్పు తెలియదు. 1, 2లతో గుణించి కూడితే 3 + 12 = 15, 6 + 6 = 12. తప్పు దొరికినది. అసలు లెక్క ఇంతకంటె పెద్దది, అందులో 36తో భాగహారం కూడా ఉన్నది, గాని కీలకం ఇదే. ఉపాధ్యాయులు తరగతిలో చేయించడానికి అనువైన లెక్క.

ఈ సంఖ్యతో కూడా అన్నీ తీరవు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ కొట్లు ఉన్న ఒక సంస్థకు 36తో ఒకటి, 37తో ఒకటి జీఎస్టీ సంఖ్యలుంటవి. పాన్ మాత్రం ఒకటే. పన్ను లెక్కకు వారు ఇద్దరు. సేల్సు మనిషికి వారు ఒక్కరే. బాకీ ఎంత ఉన్నదో చూచేటప్పుడు రెండూ కలిపి చూస్తాడు. సీఆర్‌ఎంను లెక్కల ప్రోగ్రాముతో కలిపేటప్పుడు “పార్టీ అంటే ఎవరు” అని తేల్చుకోవలసినది కర్మాగారంవారే. ప్రోగ్రాములు వ్రాసేవారిని అడిగితే తీగె కలపడం రెండు రోజుల పని అంటారు. ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి రెండు నెలలు పట్టవచ్చు.

తెలుగులో వ్రాసేవారికి ఇంకొక సంగతి. రుద్రారం అని ఇంగ్లీషులో వ్రాస్తే ఎనిమిది అక్షరాలు, కంప్యూటరులో ఎనిమిది బైట్లు. తెలుగులో వ్రాస్తే, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న విడివిడిగా లెక్కించగా అక్కడా ఎనిమిదే వస్తవి. గాని యూటీఎఫ్-8 అనే వ్రాతపద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం 24. ఊరి పేరుకు 20 బైట్లే కేటాయించిన పాత చిట్టాలోకి దీనిని పంపితే “రుద్రా” వరకు వచ్చి, చివర ఒక విరిగిన ముక్క మిగులుతుంది. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు పడతవి, తెలుగు అయితే 70 మాత్రమే. పార్టీకి మన భాషలో కబురు పంపవలెననుకొనే కర్మాగారానికి అదే మాటకు రెండు మూడు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు అవుతుంది. సాంకేతిక నియమం ఒకటి భాష మీద పన్ను వేసినట్లున్నది ఇది.

ఎస్సెమ్మెస్ కిటికీకి మన దేశంలో మరొక నియమం ఉన్నది: వ్యాపార సంస్థలు పంపే వాక్యాల నమూనాను ముందే నమోదు చేయించుకోవాలి, పంపే వాక్యం ఆ నమూనాతో సరిపోవాలి. మోసపు సందేశాలను అరికట్టడానికి పెట్టినది. 2021 మార్చి 8న టెలిఫోను కంపెనీలు ఈ తనిఖీని ఒక్కసారిగా అమలుపెట్టగా, నమూనాలు సరిపోక దేశమంతటా బ్యాంకుల ఓటీపీలు ఆగిపోయినవి. మరునాడే ట్రాయ్ ఆ తనిఖీని ఏడు రోజులు నిలిపివేయించినది. కిటికీ నియమం మంచిదే కావచ్చు. దానిని మార్చే తేదీ ఇవతలివారు సిద్ధపడ్డ తరువాత రాకపోతే ఇదే గతి.

ఆరు ప్రోగ్రాములను రెండేసి చొప్పున నేరుగా కలిపితే 6 × 5 ÷ 2 = 15 దారులు కావాలి; పది అయితే 45. అందుకే కొందరు నడుమ ఒక కూడలి ప్రోగ్రాము పెట్టి అన్నింటినీ దానికే కలుపుతారు. అప్పుడు ఆరుకు ఆరు దారులు చాలును, గాని కూడలి ఆగితే అన్నీ ఆగుతవి. అట్లే “కొత్త ఆర్డరు వచ్చినదా?” అని ఐదు నిమిషాలకొకసారి అడిగే ప్రోగ్రాము రోజుకు 288 సార్లు అడుగుతుంది, వాటిలో చాలాసార్లు జవాబు “లేదు”. దీనికి బదులు “వచ్చినప్పుడు నీవే నన్ను పిలువు” అని అవతలికి తన చిరునామా ఇచ్చి ఊరుకొనే పద్ధతి ఉన్నది. దానిని వెబ్‌హుక్ అంటారు.

చివరగా తాళాల మాట. కిటికీ దగ్గరకు వచ్చినది మన ప్రోగ్రామే అని తెలియడానికి దానికి ఒక రహస్యపు అక్షరమాల ఇస్తారు. టోకెన్ అని పేరు. అది ఎవరి చేతిలో ఉంటే వారే మనం. 2025 ఆగస్టులో సేల్స్‌లాఫ్ట్ అనే కంపెనీవారి డ్రిఫ్ట్ అనే సాధనానికి అనేక సంస్థలు ఇచ్చుకొన్న టోకెన్లు దొంగల చేత పడినవి. ఆ సాధనం కొనేవారితో సంభాషణ నడిపి వివరాలు సీఆర్‌ఎంలో చేర్చేది. దొంగలు ఆ టోకెన్లతో వందలకొద్దీ సంస్థల సేల్స్‌ఫోర్స్ చిట్టాలలోని వివరాలు తోడుకొనిపోయినారు. సేల్స్‌ఫోర్స్ గోడ బద్దలు కాలేదు. సరియైన తాళపు చెవితో, సరియైన కిటికీలోనే, సరియైన ఫారం నింపి అడిగినారు. కిటికీ తన నియమం ప్రకారం ఇచ్చినది. మన పంపుల కర్మాగారం చిట్టాలో ఉన్నవి కూడా డీలర్ల ఫోను నెంబర్లు, వారి బాకీలు, వారు అడిగిన ధరలే. ఎస్సెమ్మెస్ పంపే ప్రోగ్రాముకు ఫోను నెంబరు, సరుకు బయలుదేరిన కబురు చాలును. బాకీల పట్టిక అక్కరలేదు. టోకెను ఇచ్చేటప్పుడు ఏయే గడులు చూడవచ్చునో, ఎన్ని రోజులు చెల్లునో నిర్ణయించే వీలు నేటి కిటికీలలో చాలావాటికి ఉన్నది. తొందరలో “అన్నీ చూడవచ్చు” అనే గడిలో టిక్కు పెట్టి, ఆ సాధనం మానివేసిన తరువాత కూడా టోకెనును రద్దు చేయకుండా వదలివేయడం వల్లనే అవి దొంగలకు పనికివస్తున్నవి.